అతుకులో దాగిన తుప్పు

పాత పికప్ బండి కొనదలచినవారు సాధారణంగా ముందు ఇంజను చప్పుడు వింటారు. తరువాత టైర్లు తడుముతారు, గేర్లు మార్చి చూస్తారు, పొగ రంగు గమనిస్తారు. డ్రైవరు కూర్చునే క్యాబు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పైరంగు మెరుపు చూసి తృప్తిపడతారు. ఇంజను చెడితే విప్పి బాగుచేయవచ్చు. టైరు అరిగితే మార్చవచ్చు. క్యాబు కుళ్ళిపోతే బండి ఆయువు తీరినట్టే. ఆ కుళ్ళు విశాలమైన రేకు నడుమ మొదలుకావడం అరుదు. రెండు రేకులు కలిసే చోట, కంటికి ఆనని అతుకులో అది పుడుతుంది. పైరంగు పొంగి కనిపించేనాటికి లోపల సగం పని పూర్తిచేసి ఉంటుంది.

విజయవాడ వైపు నుంచి భద్రాచలం, చింతూరు మీదుగా జగదల్‌పూర్ పోయే జాతీయ రహదారి మీద, శబరి ఒడ్డునున్న కుంట దాటిన తరువాత, ఎర్రబోరు అనే ఊరు వస్తుంది. ఒకనాటి అవిభక్త బస్తరు జిల్లాకు చెందిన ఈ ప్రాంతం 2012 నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో భాగం. పేరులోనే తెలుగు పలికే ఈ సీమలో తెలుగు, దోర్లీ, గోండీ, హల్బీ మాటలు కలగలిసి వినిపిస్తాయి. ఇటువంటి చోట్ల పికప్ బండి సంతకు ప్రాణం. చింతపండు, ఇప్పపువ్వు, తునికాకు బయటికి పోవాలన్నా, ఉప్పు, బియ్యం, కిరాణా సరుకులు లోపలికి రావాలన్నా దానిదే భారం. పెద్ద వర్క్‌షాపులు దూరాన ఉండే ఊళ్ళలో పదిహేను, ఇరవై ఏళ్ళ బండి కూడా ఒక కుటుంబానికి అన్నం పెడుతూనే ఉంటుంది. దాని క్యాబును మరో పదేళ్ళు నిలబెట్టగల విద్య కష్టమైనది కాదు. అయితే అందులో తొందరకు చోటు లేదు.

అతుకు అంటే ఏమిటి?

పికప్ క్యాబు ఒకే రేకుతో పోతపోసిన వస్తువు కాదు. సుమారు ఒక మిల్లీమీటరు, అంతకు కొంచెం తక్కువ మందం గల ఉక్కు రేకులను అచ్చులో వత్తి, అంచులు ఒకదానిపై ఒకటి ఉంచి, స్పాట్ వెల్డింగుతో కలుపుతారు. రెండు రాగి మొనల మధ్య రేకులను బిగించి క్షణకాలం బలమైన విద్యుత్తు పంపితే ఆ చోట లోహం కరిగి ఏకమవుతుంది. విద్యుత్ ప్రవాహపు వేడితో లోహాలను అతికే ఈ పద్ధతిని 1880లలో ఎలిహూ థామ్సన్ కనిపెట్టాడు. ఒక్కొక్క అతుకుచుక్క చిన్న బొత్తాం కంటె పెద్దది కాదు. రెండు చుక్కల మధ్య అంగుళమో, రెండంగుళాలో ఎడం ఉంటుంది. ఆ ఎడంలో రేకులు ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయేగాని అతుక్కొని ఉండవు. వాటి మధ్య వెంట్రుకవాసి సందు మిగిలిపోతుంది.

ఆ సందే సమస్యకు మూలం. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్టే ఇరుకు సందు నీటిని లోపలికి లాగుతుంది. పీల్చుకున్న నీటిని తొందరగా వదలదు. రేకు పైభాగం పది నిమిషాల ఎండకు ఆరిపోతే, అతుకు లోపలి తడి రోజుల తరబడి నిలుస్తుంది. కొత్త బండి తయారయ్యేటప్పుడు ఈ సందుల మీద రబ్బరు వంటి సీలరు పూస్తారు. ఇరవై ఏళ్ళ ఎండకు, కుదుపులకు అది ఎండి, బీటలువారి, అంచులు లేస్తుంది. అప్పుడది నీటిని ఆపకపోగా లోపలికి పోయిన నీటిని బయటికి రానివ్వని మూతగా మారుతుంది.

ఒక నీటిబొట్టు చెప్పిన రహస్యం

గాలి తక్కువగా తగిలే సందులోనే తుప్పు ఎక్కువ కావడం వింతగా తోస్తుంది. ఈ చిక్కుముడిని విప్పిన వారిలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన యూలిక్ ఇవాన్స్ ముఖ్యుడు. 1920లలో ఆయన ఇనుము మీద ఉప్పునీటి బొట్టు ఉంచి పరిశీలించాడు. రంగు మారి గుట్టు చెప్పే రసాయనాలు కొన్ని అందులో కలిపితే బొట్టు అంచు గులాబిరంగుకు, నడిమి భాగం నీలిరంగుకు తిరిగాయి. అంచున గాలిలోని ఆక్సిజన్ సులువుగా అందుతుంది, నడుమ అందదు. ఒకే లోహం మీద ఈ తేడా వల్ల చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. ఆక్సిజన్ అందని చోటి ఇనుము కరిగిపోతుంది.

క్యాబు అతుకులో జరిగేది ఇదే. సందు నోటివద్ద గాలి ఉంటుంది, అడుగున ఉండదు. అడుగునున్న ఉక్కు కరుగుతూ పోతుంది. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుము కంటె కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఇరుకులో పెరిగే ఆ తుప్పు మర్రివేరు గోడను చీల్చినట్టు రెండు రేకులను ఎడంగా నెడుతుంది. అతుకుచుక్కల నడుమ రేకు ఉబ్బి కనిపిస్తుంది. ఎడం పెరిగినకొద్దీ నీరు, దానితో బురద, బురదతో తేమ చేరుతాయి.

గాలిలో తేమ సుమారు అరవై శాతం దాటితే తుప్పు వేగం పుంజుకొంటుంది. బస్తరు అడవిసీమలో వానకాలమంతా తేమ అంతకు మించే ఉంటుంది. దానికి ఉప్పు తోడైతే ఇక చెప్పనక్కరలేదు. సంతకు తెచ్చిన ఉప్పుబస్తా ఒకటి క్యాబులో కాళ్ళ దగ్గర పెట్టి, అది చెమర్చి కారితే, నేల రేకు అతుకులకు సముద్రతీరం దాపురించినట్టే. ఉప్పు తాను తేమను పీల్చుకోవడమే కాక, ఆ నీటిని మంచి విద్యుద్వాహకంగా మారుస్తుంది.

ఎక్కడ వెతకాలి?

క్యాబు ఆరోగ్యం తెలుసుకోవడానికి యంత్రాలు అవసరం లేదు. స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, టార్చిలైటు చాలు. ముందు సీటు, నేల మీది రబ్బరు పట్టా తీసివేయాలి. పట్టా కింద తడిసిన కొబ్బరిపీచో, స్పాంజియో ఉంటే రోగం సగం తెలిసినట్టే.

పైకప్పు అంచున వాననీరు జారే సన్నని కాలువ, ముందు అద్దం రబ్బరు కింది మూలలు, ఇంజనుకూ క్యాబుకూ మధ్యనున్న అడ్డుగోడ నేల రేకును కలిసే వంపు, తలుపు కింది గడప, వెనుక గోడ కింది రెండు మూలలు, తలుపు అడుగున రేకు మడతపెట్టిన అంచు: ఈ ఆరు చోట్లను వరుసగా చూడాలి. సుత్తి పిడితో మెల్లగా తట్టితే గట్టి రేకు కంగుమంటుంది. కుళ్ళిన రేకు పగిలిన కుండలా బొంగురు పలుకుతుంది. అనుమానం కలిగిన చోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కాలి. మంచి రేకు ఎదురు నిలుస్తుంది. చెడిన రేకు అప్పడంలా విరుగుతుంది. చీకటి పడ్డాక ఒకరు లోపల టార్చి వేసి, మరొకరు బయటినుంచి చూస్తే తెరుచుకున్న అతుకులు వెలుగుగీతలై కనిపిస్తాయి.

క్యాబు ఛాసిస్ మీద కూర్చునే రబ్బరు దిమ్మల చుట్టూ, సీటు బెల్టు బోల్టులు బిగించిన చోట్ల, తలుపు కీలుల వద్ద ఉన్న అతుకులను మరింత శ్రద్ధగా చూడాలి. అక్కడి కుళ్ళు అందానికి సంబంధించినది కాదు. బండి దేనికైనా ఢీకొన్నప్పుడు డ్రైవరును పట్టి ఉంచవలసిన బెల్టు రేకుతోపాటు ఊడి వస్తే దాని ఫలితం ఊహించడం కష్టం కాదు.

లప్పం చేసే మోసం

బండి అమ్మేముందు తుప్పుమీద లప్పం దట్టంగా పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు కొట్టడం పాత అలవాటు. ఎనిమిదేళ్ళు దాటిన వాణిజ్య వాహనానికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు గనుక, పరీక్షరోజు గండం గట్టెక్కించే ఉపాయంగా కూడా దీన్ని వాడేవారున్నారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత దీనికి అతికినట్టు సరిపోతుంది. లప్పం చిన్న సొట్టను సమంచేయడానికి ఉద్దేశించినది. అది నీటిని కొంత పీల్చుకొంటుంది. రేకులాగా బలాన్ని మోయలేదు. అతుకులో దాన్ని కూరితే బండి కుదుపుకు పగులుతుంది. ఆ పగులులోంచి పోయిన నీరు తుప్పు మీద తడిగుడ్డ కప్పినట్టు నిలుస్తుంది. కొనేవారు చిన్న అయస్కాంతం జేబులో ఉంచుకొంటే మంచిది. ఉక్కు రేకుకు అది గట్టిగా పట్టుకొంటుంది. మందపాటి లప్పం మీద జారిపోతుంది.

విప్పితేనే వైద్యం

చికిత్సలో మొదటి మెట్టు పాత సీలరును పూర్తిగా తీయడం. పదునైన స్క్రేపరుతో గీకి, తీగ బ్రష్షుతో రుద్ది, మెరిసే లోహం కనిపించేదాకా పోవాలి. తొందరకొద్దీ మంటతో కాల్చడం మంచిది కాదు. పాత సీలరు, రంగు కాలినప్పుడు వెలువడే పొగ విషతుల్యం. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉన్నందున పొడి దుమ్ము లేపకుండా తడిపి రుద్దడం, ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవడం అవసరం.

అతుకు ఉబ్బకుండా, పైపైన మాత్రమే తుప్పు ఉంటే దాన్ని విప్పనక్కరలేదు. శుభ్రం చేసి, బాగా ఆరబెట్టి, గుంటల్లో మిగిలిన తుప్పుమీద తుప్పుమార్చే ద్రావకం పూయవచ్చు. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసినది. మరొకటి టానిన్‌తో చేసినది. రెండవదాని రసాయనం తెలుగువారికి తరతరాలుగా పరిచితమే. కరక్కాయలో టానిన్ పుష్కలం. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి పూర్వులు నల్లసిరా చేసుకొన్నారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీటిలో ఊరబెట్టి, ఆ నీటితో కరక్కాయ పట్టించిన గుడ్డమీద గీస్తే నల్లని గీత పడుతుంది. ఇనుము, టానిన్ కలిసి నీలినలుపు పదార్థం కావడమే అక్కడి కిటుకు. తుప్పుమీద ద్రావకం పూసినప్పుడు ఎర్రని పొర నల్లబడేది కూడా అందుకే. ఆ నల్లని పొర తుప్పంత చురుకైనది కాదు.

అయితే ద్రావకం తాను తాకిన తుప్పునే మార్చగలదు. ఉబ్బిన అతుకు నోట్లో పోస్తే అది అడుగుదాకా చేరదు. ఆమ్లజాతి ద్రావకమైతే కడగడానికి వీలులేక లోపలే ఉండిపోయి కొత్త హాని చేస్తుంది. ఉబ్బిన అతుకును తెరవడమొక్కటే దారి. అతుకుచుక్కలను ఒక్కొక్కటిగా పైరేకు వరకే డ్రిల్లుతో తొలిచి, సన్నని ఉలితో రేకులను విడదీసి, రెండు ముఖాలనూ తెల్లని లోహం వచ్చేదాకా శుభ్రపరచాలి. చేతికి అప్పడంలా విరిగే భాగాన్ని మొహమాటం లేకుండా గట్టి రేకు వచ్చేదాకా కత్తిరించాలి. కుళ్ళు అంచున వేసిన మాసిక ఎంతోకాలం నిలవదు.

కొత్త రేకు దొరకనప్పుడు

పాత నమూనాలకు అచ్చులో వత్తిన రేకుభాగాలు దొరకడం కష్టం. హైదరాబాదు ఆల్విన్ సంస్థ కథ ఇందుకొక ఉదాహరణ. ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు చేసి పేరుతెచ్చుకొన్న ఆ సంస్థ 1980ల మధ్యలో జపానుకు చెందిన నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో చిన్న లారీలు తయారుచేసింది. అదే దశకంలో టయోటా, మిత్సుబిషి, మజ్దా సంస్థల తోడ్పాటుతో మరి మూడు రకాల చిన్న లారీలు భారతదేశపు రోడ్లెక్కాయి. ఆల్విన్ నిస్సాన్ 1989లో మహీంద్రా చేతికి పోయింది. ఆ పేరుతో బండ్లు రావడం క్రమంగా ఆగిపోయింది. ఇటువంటి బండి క్యాబు మూల కుళ్ళితే దుకాణంలో కొత్త మూల అడిగి తెచ్చుకొనే వీలు లేదు.

అప్పుడు ఆదుకొనేది టింకరింగ్ మేస్త్రీ చేయి. విజయవాడలో 1960ల దశకంలో వెలసిన జవహర్ ఆటోనగర్ వంటి చోట్ల తరాలుగా పెరిగిన విద్య ఇది. పాతరేకు నమూనాను అట్టముక్కమీద గీసుకొని, అంతే మందం గల ఉక్కురేకు కోసి, ఇసుకసంచిమీద సుత్తితో కొట్టి వంపు తెస్తారు. మందం ఎక్కువైతే బలం ఎక్కువ అనుకోవడం పొరపాటు. మందపాటి ముక్క పక్కనున్న పలుచని పాతరేకు వెల్డింగు వేడికి చిల్లులు పడుతుంది.

కలిపే ముందు రెండు ముఖాలకూ వెల్డింగు వేడికి ఓర్చుకొనే జింకు ప్రైమరు పూయాలి. తరువాత పూయడానికి అక్కడికి బ్రష్షు పోదు. రేకులను బిగించి, ముందు తొలిచిన రంధ్రాలను వెల్డింగుతో నింపితే పాత అతుకుచుక్కల స్థానంలో కొత్తవి ఏర్పడతాయి. ఒకే వరుసలో ఆపకుండా వెల్డింగు చేస్తే రేకు వంకర తిరుగుతుంది. అందుచేత ఇక్కడొకటి, అక్కడొకటి చొప్పున వేస్తూ మధ్య మధ్య చల్లారనివ్వాలి. పనికి ముందే బ్యాటరీ తీగలు విప్పడం, ఇంధన ట్యాంకును దూరంగా తీసిపెట్టడం, నీళ్ళ బకెట్టు, ఇసుక దగ్గర ఉంచుకోవడం మరువరాదు. జింకు కాలిన పొగ పీలిస్తే జ్వరం వస్తుంది గనుక గాలి ధారాళంగా ఆడేచోట పని చేయాలి.

పూతల వరుస

ఇక్కడినుంచి పని ఎంత ముఖ్యమో దాని వరుస అంత ముఖ్యం. శుభ్రమైన లోహం మీద ముందు ఎపాక్సీ ప్రైమరు. చవకగా దొరికే మామూలు రెడ్ ఆక్సైడ్ పూత నీటిని పూర్తిగా ఆపలేదు. దానిమీద మరో పూత లేకుండా వానలో వదిలితే కింద మళ్ళీ తుప్పు పడుతుంది. ప్రైమరు ఆరిన తరువాతే అతుకుమీద సీలరు. వట్టి లోహం మీద సీలరు పూస్తే దాని అంచు ఎక్కడ లేచినా తుప్పుకు దారి దొరుకుతుంది. బ్రష్షుతోనో, వేలితోనో సీలరును సందులోకి నొక్కి, అంచులు పలుచగా దిద్ది, డబ్బామీద చెప్పినంతసేపు ఆరనివ్వాలి. ఆపైన రంగు.

సీలరు ఎన్నికలోనూ జాగ్రత్త అవసరం. బాత్రూం అతుకులకు వాడే, వెనిగరులా పుల్లని వాసన వచ్చే సిలికాన్ ఇక్కడ పనికిరాదు. ఆరేటప్పుడు అది విడుదలచేసే ఆమ్లం ఉక్కును తింటుంది. దానిమీద రంగు నిలవదు. వాహనాలకోసం చేసిన పాలీయూరిథేన్ జాతి సీలరే మేలు. రెండుభాగాలు కలిపి చల్లే కొత్తరకం రంగులలోని కొన్ని రసాయనాలు ఊపిరితిత్తులకు చేటు చేస్తాయి. మామూలు గుడ్డమాస్కు వాటిని ఆపదు. అటువంటి రంగు చల్లే పని తగిన సాధనాలున్న షెడ్డుకే అప్పగించడం ఉత్తమం.

ఫ్యాక్టరీలకు ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉన్నది. 1960లలో ఫోర్డు సంస్థ ప్రవేశపెట్టిన పద్ధతిలో బాడీ మొత్తాన్ని ప్రైమరు తొట్టిలో ముంచి, విద్యుత్తు పంపి, సందుసందుకూ పూత పట్టిస్తారు. షెడ్డులో పనిచేసే మేస్త్రీకి ఆ తొట్టి లేదు. ఆ లోటు తీరడానికి చివరిమెట్టుగా, రంగు పూర్తిగా ఆరిన తరువాత, గడపలు, తలుపులు, మూలల లోపలి డొల్లల్లోకి పలుచని మైనపు నూనె చల్లాలి. అది విప్పని అతుకుల్లోకి పాకి నీటి చోటును తానే ఆక్రమిస్తుంది. దీన్ని ముందుగా చల్లితే రంగు అంటదు. దీనికి బదులు వాడేసిన ఇంజను నూనె పోయడం మంచిది కాదు. అందులో ఆమ్లాలుంటాయి, రబ్బరు చెడుతుంది, చర్మానికీ హాని.

మూయరాని రంధ్రాలు

శ్రద్ధ ఎక్కువైనవారు చేసే తప్పు ఒకటున్నది. తలుపు అడుగున, గడప కింద కనిపించే చిన్న రంధ్రాలను కూడా సీలరుతో మూసివేస్తారు. అవి లోపంవల్ల ఏర్పడినవి కావు, నీరు పోవడానికి తయారీదారు విడిచిన తూములు. అద్దం పక్కనుంచి ప్రతి వానకూ కొంత నీరు తలుపులోకి దిగక మానదు. తూము మూస్తే తలుపు చెరువవుతుంది.

ఈ పనికంతటికీ అనువైన కాలం బస్తరులోనైనా, గోదావరి తీరంలోనైనా ఒక్కటే. రోహిణి కార్తె ఎండలో విప్పిన అతుకులు లోపలిదాకా ఆరుతాయి; మృగశిర చినుకు పడేలోగా పూతలు గట్టిపడాలి. వానకాలంలో అతుకు మూయడమంటే తేమను లోపల పెట్టి తాళం వేయడమే. పని ముగిశాక ఒకరు క్యాబులో కూర్చుని తలుపులు మూసుకొంటే, మరొకరు బయటినుంచి కింద మొదలుపెట్టి పైకి నీళ్ళు పట్టాలి. కిందినుంచి పట్టితేనే ఏ అతుకు కారుతున్నదో స్పష్టమవుతుంది.

ఎర్రబోరుకు ఉత్తరాన బైలదిల్లా కొండలున్నాయి. అక్కడి హెమటైట్ ఖనిజం 1960ల చివరినుంచి రైలుమీద విశాఖపట్నం రేవుకు, అక్కడినుంచి జపానుకు ఎగుమతి అయింది. హెమటైట్ అంటే ఇనుము, ఆక్సిజన్ కలిసిన ఎర్రరాయి. తుప్పు కూడా వాటితో ఏర్పడినదే, దానికి నీరు తోడైంది. కొలిమిలో ఎంతో నిప్పు పోసి విడదీసిన ఇనుము అవకాశం చిక్కితే తిరిగి మట్టిరూపానికి పోజూస్తుంది. దాన్ని శాశ్వతంగా ఆపడం ఏ మేస్త్రీ తరమూ కాదు. వాయిదా వేయడం మాత్రం అందరికీ సాధ్యమే. వానకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి నేల పట్టా ఎత్తి చూడడం, సన్నని తీగతో తూములు పొడిచి బురద తీయడం, సీలరు బీటవేసిన చోట వెంటనే దిద్దడం: ఏడాదికి రెండు పూటల పని. ఆ రెండు పూటలు కేటాయించిన బండిలో సరుకుతోపాటు మనిషి కూడా క్షేమంగా సంతనుంచి ఇల్లు చేరతాడు.